వేసవికి మీ ఇల్లు సిద్ధమేనా?

ఉగాది దగ్గర పడుతోందంటే చాలు, ఇల్లాళ్ల చూపు ఇంటిమీదికి మళ్లుతుంది. బూజులు దులుపుతాం, గోడలకు రంగులేయిస్తాం, పరుపులు ఎండలో పడేస్తాం. ఆ పనిలో పనిగా హాల్లో ఉన్న సోఫా ఒక్కసారిగా మరీ పాతదానిలా కనిపిస్తుంది! సరిగ్గా అప్పుడే కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు... ఏ ఊరి బజారు చూసినా ఫర్నిచర్ షాపుల ముందు షామియానాలు లేస్తాయి. పాతది ఇచ్చేయండి, కొత్తది పట్టుకెళ్లండి అంటారు. కంతుల మీద ఇస్తామంటారు. సెల్‌ఫోన్ తెరిస్తే అక్కడా అవే సోఫాలు, అవే గోడలు.

కొనవద్దని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. ఇల్లు ముచ్చటగా ఉండాలని ఎవరికి ఉండదు చెప్పండి? కాకపోతే డబ్బు తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ సామాను ఏ ఊరి ఎండనూ గాలినీ మనసులో పెట్టుకుని చేశారు? ఫొటోల్లో కనిపించే ఆ గదులు చాలావరకు చలిదేశాలవి, లేకపోతే రోజంతా ఏసీ తిరిగే పట్నం ఫ్లాట్లవి. మన దగ్గర మార్చి నెలాఖరుకే 40 డిగ్రీలు. మే నెలలో 45కు అటూ ఇటూ. అది చాలదన్నట్టు దుమ్ము, ఉప్పునీళ్లు, మధ్యమధ్య కరెంటు కోత. ఈ నాలుగింటికీ తట్టుకుంటేనే అది మన ఇంటికి తగిన సామాను.

సోఫా సంగతి

ఈమధ్య బాగా అమ్ముడవుతున్నది ఎల్ ఆకారపు సోఫా. మెత్తటి, గుండ్రటి అంచులు, వెల్వెట్ గుడ్డ, లేదంటే గొర్రెబొచ్చులాంటి ముడుతల గుడ్డ. చూడటానికి ఎంతో బాగుంటుంది, నిజమే. కానీ మధ్యాహ్నం రెండు గంటలకు దానిమీద ఓ పావుగంట కూర్చుని చూడండి. లోపలున్న అంత మందం ఫోమ్‌కి గాలి ఆడదు. ఒంటి వేడి ఎక్కడికీ పోక మళ్లీ మనకే కొడుతుంది. రెగ్జిన్‌దైతే ఇక చెప్పనక్కర్లేదు, చెమటకు వీపు అతుక్కుపోతుంది. చివరికి ఏమవుతుందంటే, యాభై అరవై వేలు పోసి కొన్న సోఫామీద బట్టల మూట ఉంటుంది, ఇంటిల్లిపాదీ కింద బండలమీద పడుకుంటారు!

కొనాలనే ఉంటే, చెక్క చట్రం బయటికి కనబడేది, సీటూ వీపూ విడివిడి దిండ్లుగా ఉండేది తీసుకోండి. దిండు తొడుగులు జిప్పు విప్పి ఉతుక్కునేలా ఉండాలి. మన దుమ్ముకి నెలకోసారైనా ఉతకక తప్పదు. కింద నాలుగైదు అంగుళాలు కాళ్లుండాలి, చీపురు దూరాలి. నేలకు ఆనుకుని ఉండే సోఫా కింద ఏముందో దాన్ని జరిపిన రోజున గానీ తెలియదు. అప్పటికి బొద్దింకలు సంసారాలు పెట్టేసి ఉంటాయి.

ఇంకో మాట. షాపు హాలు ఎంత? మన హాలు ఎంత? అక్కడ చిన్నదిగా కనిపించింది ఇక్కడ 10 అడుగుల గదిలో ఏనుగులా కూర్చుంటుంది. అందుకని కొలతలు రాసుకుని ఇంటికి రండి. నేలమీద చాక్‌పీసుతో సోఫా గీయండి, టీపాయ్ కూడా గీయండి. ఆ గీతలు రెండు రోజులు అలాగే ఉంచి వాటిని తొక్కకుండా తిరగండి. నీళ్లబిందె చంకనెత్తుకుని పోవడానికి రెండడుగుల దారైనా మిగిలిందా? మిగలకపోతే ఎల్‌లో ఒక కొమ్ము తగ్గించుకోండి.

పేము అల్లిన కుర్చీలు మళ్లీ ఫ్యాషన్‌లోకి వచ్చాయి. ఇది మాత్రం మనకు కలిసొచ్చే ఫ్యాషన్. పాతకాలం ఆఫీసుల్లో, వకీళ్ల ఇళ్లల్లో ఉండేవి చూడండి, కంతలు కంతలుగా అల్లిన కుర్చీలు, అవే. వీపుకు గాలి తగులుతుంది. మీ అటకమీద అలాంటిది అల్లిక తెగి పడి ఉంటే పారేయకండి. చట్రం గట్టిగా ఉంటే తిరిగి అల్లించుకోవచ్చు.

గోడకు గాళ్లు గాళ్లుగా అతికించే ప్యానెళ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. టీవీ వెనక గోధుమరంగువో నల్లరంగువో నిలువు చారలు. నేనైతే వద్దంటాను. పొలాలమీదినుంచి ఒక్క సుడిగాలి వచ్చిందంటే ఆ గాళ్లన్నీ ఎర్రటి దుమ్ముతో నిండుతాయి. అవి తుడవాల్సింది ఇంటీరియర్ డిజైనరు కాదు కదా! బ్రష్షు పట్టుకుని ఒక్కో గాడీ తుడవాల్సింది మీరే. ఆ గోడకు లేత రంగు వేయించి ఒక మంచి పటం తగిలిస్తే సరిపోదూ?

ఫాల్స్ సీలింగ్ విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పలేం. పై అంతస్తులో ఉన్నవాళ్లకు స్లాబు వేడిని అది కొంత ఆపుతుంది. స్లాబుకూ దానికీ మధ్య ఉండే గాలి అడ్డు పడుతుంది కాబట్టి. అయితే 10 అడుగుల ఎత్తున్న గదిలో అడుగు దించితే ఫ్యాను నెత్తిమీదికి వస్తుంది, వేడిగాలి పైకి పోవడానికి చోటు తగ్గుతుంది. పైగా దాంట్లో పాతిక లైట్లు పెట్టించుకుని వేసవంతా అవి ఆర్పుకుని కూర్చోవడం దేనికి? చేయిస్తే సాదాగా, అంచుల్లో నాలుగు లైట్లతో చేయించుకోండి. ఫ్యాను కొక్కెం స్లాబుకే ఉండాలి సుమా!

మన కాళ్లకింది బండ

బయటి ఫ్యాషన్ల వెంట పడే మనం మన ఊరి వస్తువును బయటివాళ్లు ఎలా నెత్తిన పెట్టుకుంటున్నారో చూడం. ముంబై, పుణె వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. అక్కడ వంటింటి అరుగును, అరలను వేసే నల్లరాయిని 'కడప్ప' అంటారు. మన జిల్లా పేరే వాళ్లకు రాయి పేరైపోయింది! ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లో తీసే బండ అది. ఇటు బేతంచెర్ల వైపు పోతే పాలిష్ బండలు. అన్నీ సున్నపురాతి జాతివే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు రాళ్లమీద పెద్ద గ్రంథమే రాశాడు. అందులో వీటికి 'కడప', 'కర్నూలు' అని మన ఊళ్ల పేర్లే పెట్టాడు. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఆ పేర్లే వాడుతున్నారు.

ఇప్పుడు ఇంటీరియర్ డిజైనర్లు ఇదే బండకు లెదర్ ఫినిష్ అని పేరుపెట్టి, నునుపు తగ్గించి, తోలులాంటి స్పర్శ వచ్చేలా చేసి కొత్త ఇళ్లలో పరిపిస్తున్నారు. మనమేమో పాత బండలు పెరికించి తళతళలాడే టైల్స్ వేయించుకుంటున్నాం. టైల్స్‌ని తప్పుపట్టడం లేదు. తుడవడం తేలిక, మరక పట్టదు. కానీ తడికాలితో జారేది ఆ నున్నటి టైల్స్ మీదే. ఇంట్లో పెద్దవాళ్లుంటే బాత్రూం ముందు, వంటింట్లో మాత్రం గరుకుబండే మేలు.

బండతో మీరు చేయించుకోదగ్గవి చాలా ఉన్నాయి. గోడలోకి దింపి కట్టిన అరలు మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నవే. చెదలు తినవు, నీళ్లకు ఉబ్బవు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు చాలా ఇళ్లలో ఈ తేడా కళ్లారా చూశారు. నీళ్లు తీసిన తర్వాత పొట్టుచెక్కతో చేసిన బీరువాలు, టీవీ స్టాండ్లు ఉబ్బి, పొరలు ఊడి చేతికొచ్చాయి. బురద కడుక్కున్నాక బండ అరలు మాత్రం మళ్లీ పనికొచ్చాయి. కిటికీకింద రెండు చిన్న గోడలు లేపి పైన బండ పరిపించారనుకోండి, అది అరుగవుతుంది. మీద బొంత మడతపెట్టి వేస్తే నలుగురు కూర్చుంటారు, కింద అరలో చెప్పులో పిల్లల పుస్తకాలో పెట్టుకోవచ్చు. పాత మిద్దె ఇళ్లలో పడసాలలో ఉండే కట్టకు ఇది కొత్త రూపం, అంతే. ఎండాకాలం ఇంట్లోకెల్లా చల్లటి చోటు అదే.

దీనికీ కొన్ని పట్టింపులు ఉన్నాయి మరి. సున్నపురాయికి పులుపు పడదు. బెలుం గుహలు చూసే ఉంటారుగా, లక్షల ఏళ్లపాటు సున్నపురాతిని నీళ్లు కొద్దికొద్దిగా కరిగించగా ఏర్పడినవే అవి. అదే పని మీ వంటింటి అరుగుమీద నిమ్మకాయ చెక్క రాత్రికి రాత్రే చేస్తుంది! చింతపండు పులుసు, నిమ్మరసం, వెనిగర్ ఒలికితే వెంటనే తుడిచేయండి, లేకపోతే ఆ చోట నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ ఈ బండలకు పొరపాటున కూడా తగలనీయకండి. బోరునీళ్లు ఎండి తెల్లచారలు కట్టకుండా పొడిగుడ్డతో తుడవాలి. నల్లదనం తగ్గినట్టనిపిస్తే శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరాక, గుడ్డమీద కాస్త కొబ్బరినూనె అద్దుకుని పల్చగా రుద్దండి. అరుగులకూ అరలకూ మాత్రమే సుమా, నేలకు రుద్దితే జారిపడతారు. బండ పొరలు పొరలుగా ఉండే రాయి కనుక అంచుమీద రోకలిపోటు పడితే పెచ్చు లేస్తుంది. దంపుడు పనులు కింద పెట్టుకోండి.

వంటింటికి ఎంత?

మాడ్యులర్ కిచెన్ చేయించుకుందామని ఉంది, ఏమంటారు అని ప్రొద్దుటూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది. దీనికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలి.

అసలు ఇల్లు అలంకరించడానికని పక్కన పెట్టిన డబ్బులో వంటింటి వాటా ఎంతో ఎప్పుడైనా లెక్క వేశారా? చుట్టాలొస్తే గంటసేపు కూర్చునే హాలుకు లక్షలు. రోజుకు నాలుగైదు గంటలు స్టవ్ ముందు నిలబడే గదిలో ఫ్యాను కూడా ఉండదు! మంట ఆరిపోతుందట. ఆరకుండా పెట్టే చోటు ఉంటుంది, వెతికితే. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం పడమటి గోడ వంటింట్లో ఎంత వేడి ఉంటుందో ఆ గదిలో నిలబడని వాళ్లకు తెలియదు. అందుకని ముందు మీరు పట్టుబట్టి అడగాల్సింది గాలి. పొయ్యికి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురుగా తెరిచే కిటికీ. ఎగ్జాస్ట్ ఒక్కటీ పెట్టి తలుపులన్నీ మూసేస్తే అది బయటికి తోయడానికి లోపలికి గాలి రావాలి కదా! గ్యాసు పొయ్యికి కాస్త దూరంగా, గాలి మీ వీపుకు తగిలేలా గోడకు చిన్న ఫ్యాను బిగిస్తే మంటకు ఏ ఇబ్బందీ లేదు.

మాడ్యులర్ అని చేసేవాళ్లు కొందరు పై అరల కోసం కిటికీనే మూసేస్తారు. ఒప్పుకోకండి.

ఇక చెక్క. తలుపులు తళతళలాడుతుంటే లోపల ఏముందో ఎవరూ అడగరు. అడగండి. ప్లైవుడ్ అయితే దానిమీద ఐ.ఎస్. నంబరు అచ్చు వేసి ఉంటుంది. 303 అంటే మామూలు రకం, గదుల్లో బీరువాలకు చాలు. 710 అంటే నీళ్లకు తట్టుకునే మెరైన్ రకం, సింకు దగ్గర అదే ఉండాలి. రంపపుపొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు చవకే, కానీ సింకు కింద గొట్టం ఒక్క వారం చెమర్చిందంటే అడుగు ఉబ్బిపోతుంది. ఏది వేశారో తెలుసుకోవాలంటే స్క్రూ కోసం రంధ్రం చేసేటప్పుడు దగ్గరుండి చూడండి, రాలే పొట్టు చెప్పేస్తుంది.

నా సలహా ఏమిటంటే, పెట్టె మొత్తం చెక్కతో కాక, బండ అరలు కట్టించి ముందు తలుపులు మాత్రం చెక్కవి పెట్టించుకోండి. బయటికి మాడ్యులర్‌లాగే ఉంటుంది. లోపల పప్పుల డబ్బాలు, ఇత్తడి గంగాళం ఎంత బరువు పెట్టినా వంగదు. ఖర్చు కూడా తగ్గుతుంది. అరుగు ఎత్తు మాత్రం మేస్త్రీ ఇష్టానికి వదలకండి. మీరు నిటారుగా నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగైదు అంగుళాల కిందికి ఉండాలి. ఎక్కువైతే భుజాలు లాగుతాయి, తక్కువైతే నడుము. అత్తాకోడళ్ల ఎత్తుల్లో తేడా ఉంటే? ఎవరు ఎక్కువ సేపు నిలబడతారో వాళ్ల కొలత!

మంచం, సారె

2017లో ఆస్ట్రేలియాలో ఒకాయన మన నులకమంచంలాంటిదే తయారుచేసి, 990 డాలర్లని ప్రకటన వేస్తే మన పత్రికలన్నీ ఆ ఫొటో అచ్చువేసి నవ్వుకున్నాయి. నవ్వుకోవడంతోనే సరిపెట్టాం. మన మంచాలు మాత్రం గొడ్లపాకలోనే ఉండిపోయాయి.

వేపకర్ర చట్రం, నులక అల్లిక, కాళ్లవైపు బిగించుకునే దారం. కింద నుంచి గాలి వస్తుంది, మిద్దెమీదికి ఒక్కరే మోసుకుపోవచ్చు, పగలు గోడకు నిలబెడితే గది ఖాళీ. పెట్టెలాంటి పెద్ద మంచంలో ఈ మూడూ లేవు. అందులో సామాను దాచుకునే వీలుందంటారు. ఉంది, కానీ లోపల పెట్టినవి తియ్యాలంటే పరుపెత్తడానికి ఇద్దరు కావాలి.

ఊరికి పోయినప్పుడు పాత పట్టెమంచం కనబడితే తెచ్చుకోండి. కోళ్లకు పుచ్చులున్నాయేమో తట్టి చూడండి. బాగుంటే గీకించి వార్నిష్ వేయించి, నూలు నవారు అల్లించండి. ప్లాస్టిక్ నవారు గట్టిదే, కానీ ఒంటికి వేడి. హాల్లో దివాన్ బదులు వేసి మీద ఒక గళ్ల దుప్పటి పరిస్తే వచ్చినవాళ్లు ఎక్కడ కొన్నారని అడగకపోతే చూడండి.

దుప్పటి అంటే గుర్తొచ్చింది, కర్టెన్లకు పాలిస్టరు కోసం వెతుక్కోనక్కర్లేదు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టినప్పటినుంచి ఎమ్మిగనూరుకు దుప్పట్లలో, తువాళ్లలో పేరుంది. గట్టి నూలు దుప్పటి ఒకటి మధ్యకు కోస్తే కిటికీకి రెండు కర్టెన్లు. సోఫా దిండ్లకు కూడా ఆ గుడ్డే కుట్టించండి, ఎన్ని ఉతుకులైనా ఆగుతుంది. కాకపోతే కుట్టించేముందు ఒకసారి తడిపి ఆరేయండి, నూలు కాస్త కుదించుకుంటుంది.

ఇప్పుడే పెళ్లిళ్ల కాలం కూడా కదా. ఆడపిల్లకు సారె పెట్టే తల్లులకు ఒక మాట. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా అని మొత్తం సెట్టు అప్పుచేసి కొని లారీకెత్తిస్తారు. పిల్లేమో పెళ్లయిన రెండు నెలలకు హైదరాబాదులోనో బెంగళూరులోనో రెండు గదుల అద్దె ఇంటికి పోతుంది. ఆ సెట్టు అత్తగారింట్లో దుప్పటి కప్పుకుని ఉంటుంది, ఇక్కడ మీరు కంతులు కడుతుంటారు. సామాను ఎంత పెట్టారని చూసేవాళ్ల నోళ్లు మూయించడానికి పదేళ్ల అప్పు ఎందుకు? ఆ డబ్బు పిల్ల పేరుమీద బ్యాంకులో వేసి, కాపురం ఎక్కడో తేలాక, ఆ గది కొలతలు చూసుకుని తననే కొనుక్కోమనండి. వియ్యంకులకు ఈ మాట చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. లగ్నపత్రిక రాసుకునే ముందే మగవాళ్ల చేత చెప్పించండి, తర్వాత చెబితే మాట పడాల్సి వస్తుంది.

కొనకుండానే చల్లదనం

పడమటి కిటికీకి లోపల ఎంత ఖరీదైన కర్టెన్ వేసినా, అద్దం దాటి వచ్చిన ఎండ గదిలోకి వచ్చినట్టే. అడ్డు బయట ఉండాలి. వెదురు తడికో, ఈతచాపో కిటికీ బయట వేలాడదీయండి. వట్టివేళ్ల తడికైతే మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లితే గదంతా సువాసన.

కూలర్ విషయంలో మనం అదృష్టవంతులం. విజయవాడలో, నెల్లూరులో ఉక్కపోతకు కూలర్ అంతగా పనిచేయదు. మన ఎండుగాలికి భేషుగ్గా పనిచేస్తుంది. కానీ దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు బిగించుకుంటే గంటకల్లా జిడ్డు మొదలవుతుంది. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురుగా ఇంకో తలుపో కిటికీయో కాస్త తెరిచి ఉండాలి. ఉప్పునీళ్లకు గడ్డిమీద తెల్లపొర కట్టి గాలి ఆగిపోతుంది. సీజను మధ్యలో ఒకసారి గడ్డి మార్చండి. తొట్టెలో నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోసి, గోడలు రుద్ది కడగండి, దోమలు గుడ్లు పెట్టేది అందులోనే.

మిద్దె స్లాబుమీద సున్నం వేయించడం అన్నిటికన్నా చవక, ఈ పని ఏప్రిల్ మొదటివారంలోపే కావాలి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, గది రెండు మూడు డిగ్రీలైనా చల్లబడుతుంది. తెలంగాణలో 2023లో దీనికోసం ప్రభుత్వం ఒక విధానమే ప్రకటించింది. ముందు స్లాబు ఊడ్చి, కడిగి, ఆరనివ్వండి. సున్నం రాత్రంతా నానబెట్టి వడకట్టండి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలపండి. సాయంత్రం చల్లబడ్డాక ఒక పూత, మర్నాడు సాయంత్రం అడ్డంగా రెండోది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, సున్నం కంట్లో పడితే ప్రమాదం. పిల్లలను ఆ రెండు రోజులూ మిద్దె ఎక్కనీయకండి. వడియాలు పెట్టే చోటు మాత్రం ఒక మూల వదిలేయించుకోండి, పూత వేసేవాళ్లకు అది తట్టదు.